ఆత్మకు ఆడామగా లేదన్న చోట

మదనపల్లెలో ఎవరినడిగినా బి.టి. కాలేజీకి దారి చెబుతారు. బి అంటే బిసెంటనీ, టి అంటే థియసాఫికల్ అనీ తెలిసినవాళ్లూ దొరుకుతారు. ఇంతకీ ఆ థియసఫీ ఏమిటండీ అంటే మాత్రం మాట జనగణమన మీదికి మళ్లుతుంది. మళ్లడం న్యాయమే. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడికొచ్చి కొద్దిరోజులు విశ్రాంతిగా గడిపాడు. ఆ పాట పాడి వినిపించాడు, ఇక్కడే ఇంగ్లీషులో రాసుకున్నాడు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరాలు రాసిపెట్టింది.

ఆ మార్గరెట్‌ది ఐర్లండు. సంగీతంలో పట్టా పుచ్చుకున్న మనిషి. ఆడవాళ్లకు ఓటు కావాలని 1908లో డబ్లిన్‌లో మరికొందరితో కలిసి సంఘం పెట్టింది. లండన్‌లో ప్రభుత్వ పెద్దల కిటికీ అద్దాలు పగలగొట్టి జైలుకెళ్లింది. డబ్లిన్ కోట అద్దాలు పగలగొట్టి మళ్లీ వెళ్లింది. 1915లో భర్తతో ఇండియాకు వచ్చేసింది. అలాంటి మనిషి రాయలసీమ కొండల నడుమ ఉన్న ఊరికి ఎందుకొచ్చినట్టు? జేమ్స్‌కు ఇక్కడ ఉద్యోగం దొరికిన మాట నిజమే. కానీ ఉద్యోగం కంటే ముందు ఆ ఇద్దరికీ థియసఫీ ఇచ్చిన ఒక నమ్మకం ఉంది. మనిషిలో ఉన్న ఆత్మ జన్మజన్మకూ ఒళ్లు మార్చుకుంటుంది, ఒకసారి మగ ఒళ్లు, ఒకసారి ఆడ ఒళ్లు, కాబట్టి ఆత్మకు ఆడా లేదు మగా లేదు అన్న నమ్మకం.

మనకిదేమీ కొత్తగా వినిపించదు. తాతమ్మలు అరుగు మీద కూర్చుని చెప్పిన మాటే. అదే మాట 1890ల లండన్‌లో ఒక ఆడమనిషి సభలో నిలబడి అంటే ఏమవుతుందో నాకు తెలియజెప్పింది జాయ్ డిక్సన్ రాసిన ‘డివైన్ ఫెమినిన్’. డిక్సన్ కెనడాలో, వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చరిత్రకారిణి. స్త్రీ పురుష భేదం, లైంగికత, గుప్తవిద్యలు ఈ మూడూ కలిసేచోట పరిశోధన చేశారు. 2001లో అచ్చయిన ఈ పుస్తకం ఇంగ్లండులో థియసాఫికల్ సొసైటీకీ, అంటే దివ్యజ్ఞాన సమాజానికీ, స్త్రీల ఉద్యమానికీ ఉన్న చుట్టరికం గురించి. ఉద్యమ చరిత్ర రాసినవాళ్లు ఈ నమ్మకాలను చాదస్తమని పక్కన పెట్టేశారు. మతచరిత్ర రాసినవాళ్లు ఆడవాళ్లను సరిగ్గా చూడనే లేదు. డిక్సన్ రెండు కాగితాల కట్టలూ ఒకే బల్ల మీద పరిచారు. ఓటు కోసం జైలుకెళ్లిన షార్లెట్ డెస్పార్డ్ దివ్యజ్ఞాన సమాజం సభ్యురాలు. కవయిత్రి ఈవా గోర్-బూత్ కూడా ఈ దారి పట్టిందే. ఆమె స్నేహితులతో కలిసి 1916లో ‘యురేనియా’ అనే చిన్న పత్రిక మొదలుపెట్టింది. ఆడ, మగ అన్న విభజననే ఒప్పుకోని పత్రిక అది. వీళ్లకు నమ్మకం ఒకటి, రాజకీయం ఇంకొకటి కావు.

ఆ పుస్తకం సంచిలో పెట్టుకుని మదనపల్లెలో చెన్నై బస్సెక్కాను. చిత్తూరు దాటేదాకా చింతచెట్లు, టమాటా లారీలు. ఆ తర్వాత దారి గురించి చెప్పుకోదగిందేమీ లేదు.

చెన్నైలో ఆటో అతను థియసాఫికల్ సొసైటీ అనగానే తలూపి, లోపలికి వదలరే అన్నట్టు చెయ్యి తిప్పాడు. ఆయన హెచ్చరిక సగం నిజం. అడయారు నది సముద్రంలో కలిసేచోట, దక్షిణపు ఒడ్డున, 250 ఎకరాలకు పైబడ్డ తోట అది. చూడ్డానికి వచ్చేవాళ్లను కొద్ది గంటలే లోపలికి రానిస్తారు. పుస్తకాల పని ఉంటే ముందుగా ఉత్తరం రాసుకోవాలి. గేటు దాటగానే బిసెంట్ అవెన్యూ హారన్లు వెనకబడిపోతాయి. ఊరు ఇంత దగ్గరగా ఉండీ ఇంత దూరం కావడం నాకు కొంచెం అనుమానంగానే అనిపించింది. ఇలాంటి నిశ్శబ్దానికి ఎవరో ఎప్పుడో డబ్బు కట్టి ఉంటారు.

1882లో ఇక్కడున్నది హడిల్‌స్టన్ గార్డెన్స్ అనే 27 ఎకరాల తోట బంగళా. న్యూయార్కులో 1875లో సమాజం పెట్టి, 1879లో బొంబాయి చేరిన హెలీనా బ్లావట్‌స్కీ, కర్నల్ ఆల్కాట్ దాన్ని కొన్నారు. వాళ్లను మద్రాసువైపు లాగినవాళ్లలో ముఖ్యుడు మన తల్లాప్రగడ సుబ్బారావు. కాకినాడ ప్రాంతంవాడు, మద్రాసులో వకీలు. వేదాంతంలో ఆయన మాటకు బ్లావట్‌స్కీ అంత విలువిచ్చింది ఇంకెవరికీ కాదు. ఆమె ‘సీక్రెట్ డాక్ట్రిన్’ రాతప్రతి పంపి చూడమంటే మాత్రం ఆయన ఆ పనిలో చెయ్యి పెట్టలేదు. గుప్తంగా ఉండాల్సింది అచ్చులో పెట్టకూడదన్నది ఆయన పట్టు. 1890లో ముప్ఫై నాలుగేళ్లు నిండకుండానే పోయాడు. మన దగ్గర ఎన్ని ఇళ్లలో ఆయన పేరు వినిపిస్తుంది?

ముఖ్య భవనంలో పెద్ద హాలు. గోడల మీద కృష్ణుడు, బుద్ధుడు, క్రీస్తు, జరతుష్ట్ర. మధ్యలో సమాజం పెట్టిన ఇద్దరి విగ్రహాలు: బ్లావట్‌స్కీ కూర్చుని, ఆల్కాట్ పక్కన నిలబడి. ఆ కాలపు ఫొటోల్లో ఇందుకు తలకిందులుగా, మగవాడు కూర్చుని ఆడమనిషి పక్కన నిలబడడం మామూలు. ఆల్కాట్ ఆమెను ‘జాక్’ అని మగపేరుతో పిలిచేవాడు. చేతిలో సిగరెట్టు, నోట్లో తిట్టు, ఒంటి మీద వదులు గౌను. ఇంగ్లిషు దొరసాని ఎలా ఉండాలని మద్రాసు క్లబ్బుల్లో అనుకునేవారో ఆ కొలతలో ఏ కోశానా ఇమడని మనిషి.

మేడ మీద ఆమె గదిని ఆనుకుని ఒక గది ఉండేది. అందులో గోడకు బిగించిన చెక్క మందసంలో హిమాలయాల్లో ఉండే మహాత్ముల ఉత్తరాలు ప్రత్యక్షమయ్యేవట. 1884లో ఆ ఇంటి పనులు చూసే ఎమ్మా కూలూం, ఇదంతా తెర వెనక ఏర్పాటేనంటూ బ్లావట్‌స్కీ రాసినవని కొన్ని ఉత్తరాలు బయటపెట్టింది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీ పత్రిక వాటిని అచ్చువేసింది. లండన్ నుంచి హాడ్జ్‌సన్ అనే పరిశోధకుడొచ్చి మోసమని తేల్చాడు. 1986లో ఆయన్ను పంపిన సంస్థ పత్రికలోనే ఆయన విచారణ పద్ధతినే తప్పుపడుతూ వ్యాసం వచ్చింది. ఈ తగువు తీర్చడం నా తరం కాదు. డిక్సన్ అడిగే ప్రశ్న వేరు. మహాత్ములు ఉన్నారా లేరా అని కాదు, ఉన్నారని నమ్మడం వల్ల ఎవరికి మాట్లాడే అధికారం వచ్చింది అని. మొదట్లో లండన్ శాఖ చదువుకున్న పెద్దమనుషుల క్లబ్బులా నడిచింది, గుప్తవిద్య అంటే వాళ్లకు మగవాళ్లు చేసే శాస్త్రచర్చ. 1883లో దాని అధ్యక్షురాలైన అన్నా కింగ్స్‌ఫర్డ్ పారిస్‌లో వైద్యపట్టా తెచ్చుకున్న మనిషి, దైవంలో ఆడతనమూ మగతనమూ రెండూ ఉన్నాయని తన దర్శనాల ఆధారంగా చెప్పింది. పెద్దమనుషులకు నచ్చలేదు. ఏడాది తిరిగేసరికి ఆమె తన దారి తాను చూసుకుంది. తర్వాత తర్వాత సభల్లో ఆడవాళ్లు ఎక్కువైపోయారు, మగవాళ్లు తగ్గారు అన్న ఫిర్యాదు మొదలైంది. అలా ఫిర్యాదు చేసినవాళ్లకు భక్తి అనే మాట చిన్నచూపు మాటయింది.

అనీ బిసెంట్ పటం ముందు చాలాసేపు నిలబడ్డాను. తెల్లచీర, తెల్లజుట్టు, దేశమాత లాంటి చూపు. బడిపుస్తకాల్లో మనకు తెలిసింది ఈ బిసెంటే. హోంరూల్, 1917 కాంగ్రెస్ అధ్యక్షురాలు. నలభై ఏళ్లు వెనక్కి వెళితే ఇంకో బిసెంట్. 1877లో చార్లెస్ బ్రాడ్లాతో కలిసి గర్భనిరోధం మీద చిన్న పుస్తకం అచ్చువేసి అమ్మినందుకు లండన్ కోర్టులో నిలబడింది. శిక్ష సాంకేతిక కారణంతో తప్పింది కానీ, ఇలాంటి తల్లి దగ్గర పిల్ల ఉండకూడదని కూతురు మేబెల్‌ను కోర్టు ఆమె నుంచి తీసేసుకుంది. అంత మూల్యం చెల్లించిన మనిషి, 1889లో సమాజంలో చేరాక, 1891లో గర్భనిరోధం మీద తాను రాసిన పుస్తకాన్నే అమ్మకం నుంచి వెనక్కి తీసుకుంది. ఒంటిని ఆత్మ అదుపులో పెట్టాలి తప్ప మందులూ సాధనాలూ దారి కాదన్నది కొత్త వాదం.

ఇది వెనకడుగని నేననుకుంటాను. కానీ అదే వాదం ఇంకో ఆడమనిషి చేతిలో ఇంకోలా పనిచేసింది. కొత్త ఢిల్లీ కట్టిన ఎడ్విన్ లట్యన్స్ భార్య ఎమిలీ, జిడ్డు కృష్ణమూర్తిని కొడుకులా చూసుకున్న మనిషి, అయిదుగురు పిల్లల తర్వాత ఇక దాంపత్యం వద్దని భర్తకు చెప్పగలిగింది. మార్గరెట్ కజిన్స్ కూడా పెళ్లయిన కొత్తలో ఆ విషయం తనకెంత రోతగా తోచిందో ఆత్మకథలో దాచకుండా రాసింది. వద్దనే హక్కు చట్టం ఇవ్వని రోజుల్లో వద్దని చెప్పడానికి వాళ్లకు ఆత్మ అక్కరకొచ్చింది. కావాలని చెప్పాల్సి వచ్చినప్పుడే ఆ భాషలో మాట దొరకదు.

గ్రంథాలయం ఆల్కాట్ 1886లో పెట్టింది. తాళపత్రాలు వేలకొద్దీ. నాకు కావలసినవి తాటాకులు కావు, 1910 నాటి ‘థియసాఫిస్ట్’ సంపుటాలు. ఆల్సియోన్ జన్మలు అందులో ధారావాహికగా వచ్చాయి. 1909లో, దివ్యదృష్టి ఉందని సమాజంలో పేరుబడ్డ సి.డబ్ల్యు. లెడ్‌బీటర్ అడయారు ఇసుకలో ఒక కుర్రవాణ్ని చూసి జగద్గురువయ్యే ఆత్మ ఇదేనన్నాడు. ఆ కుర్రవాడు మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. తండ్రి నారాయణయ్య రిటైరైన తహసీల్దారు, భార్య పోయాక పిల్లలతో వచ్చి సమాజంలో గుమాస్తా పనికి కుదిరాడు, కాంపౌండు గోడ బయట పాత ఇంట్లో కాపురం. లెడ్‌బీటర్ ఆ పిల్లవాడి ముప్ఫై పూర్వజన్మలు దివ్యదృష్టితో చూశానని రాశాడు. కృష్ణమూర్తి ఆల్సియోన్, బిసెంట్ హెరాక్లిస్, అందరికీ నక్షత్రాల పేర్లో గ్రీకు పేర్లో. ఒక జన్మలో భర్త అయినవాడు ఇంకో జన్మలో కూతురు, నిన్నటి రాజు నేటి చెల్లెలు. అడయారులో కొత్తగా వచ్చినవాళ్లను నువ్వు ‘జన్మల్లో’ ఉన్నావా అని అడిగేవారట, మన దగ్గర పెళ్లిచూపుల్లో గోత్రం అడిగినట్టు. ఆడామగా తేడాను ఇంత ధీమాగా కలగాపులగం చేసిన పట్టిక ఆ రోజుల్లో ఇంకోటి నాకు తెలియదు. జాతుల మెట్లు మాత్రం అందులో చెక్కుచెదరలేదు. ఆర్యజాతి పైమెట్టు మీదే కూర్చుంది. డిక్సన్ ఇంగ్లండు గురించి రాస్తూ గట్టిగా పట్టుకున్నది కూడా ఇలాంటి చోటే. ఇంగ్లిషు స్త్రీలు తూర్పుదేశాల జ్ఞానం పేరు చెప్పి గొంతు సంపాదించుకున్నారు. ఆ తూర్పుదేశపు మనుషులకు ఆ గొంతులో వాటా అన్నివేళలా దక్కలేదు.

లెడ్‌బీటర్ చుట్టూ ఉన్న చీకటిని దాటేసి అడయారు గురించి రాయడం కుదరదు. తన దగ్గర చదువుకునే మగపిల్లలకు లైంగిక విషయాల్లో అతనిచ్చిన సలహాల మీద తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తే 1906లో రాజీనామా చేశాడు. బిసెంట్ అధ్యక్షురాలయ్యాక మళ్లీ తీసుకున్నారు. 1912లో నారాయణయ్య తన పిల్లలను తనకు అప్పగించాలని దావా వేశాడు. లెడ్‌బీటర్ ప్రవర్తన మీద ఆరోపణలు కోర్టులో చదివారు. మద్రాసు హైకోర్టు 1913లో తండ్రివైపు చెప్పింది, 1914లో లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ తిరగదోడింది. పత్రికలకు రెండేళ్లు పండగ. ఇలాంటి కేసుల్లో దొంగ మహిమలు, చెడు నడవడి అన్న రెండు నిందలూ ఒకదానికొకటి సాక్ష్యంగా నిలుస్తాయని డిక్సన్ చూపిస్తారు. గుప్తవిద్య అంటేనే గుట్టు, గుట్టు అంటేనే తప్పు. ఆ లెక్క నాకర్థమయింది. అయినా కాగితాలు మూసేటప్పుడు నా మనసు దివ్యదృష్టి మీద లేదు. తన పిల్లల్ని చూడాలంటే అడయారు పెద్దలను అడగాల్సి వచ్చిన ఆ తహసీల్దారు మీద ఉంది.

మర్రిచెట్టు దగ్గర ఒక పెద్దావిడ కలిశారు. వయసు 450 ఏళ్లంటారు ఆ చెట్టుకు. 1989 గాలివానలో అసలు మాను కూలిపోయింది, ఊడలే ఇప్పుడు చెట్టు. ఆవిడ నా చేతిలో తెలుగు నోట్సు చూసి పలకరించారు.

“ఏ ఊరమ్మా మీది?”

“హైదరాబాదండీ. మదనపల్లె మీదుగా వచ్చాను.”

“మాది కాకినాడ. మా నాన్నగారు దివ్యజ్ఞాన సమాజం లాడ్జిలో మెంబరు. ఎవరి గురించి చదువుతున్నావ్?”

లెడ్‌బీటర్ పేరు చెప్పాను. ఆవిడ నవ్వారు. “ఆయన పుస్తకాలు మా బీరువాలో ఉండేవి తల్లీ. వాటి జోలికి పోకండర్రా అనేవారు. ఎందుకో మాత్రం చెప్పేవారు కాదు.”

“మరి చదివారా?”

“చదవకుండా ఉంటామా?” కాసేపాగి ఆవిడే అన్నారు. “మా అమ్మ కూడా లాడ్జికి వెళ్లేది. పేరంటానికి కాకుండా, గుడికి కాకుండా, నలుగురిలో కుర్చీ వేసుక్కూర్చుని ఆవిడ మాట్లాడిన చోటు అదొక్కటే. ఏం మాట్లాడిందో మినిట్స్ పుస్తకంలో రాసేవారు.”

“ఆ పుస్తకాలు ఉన్నాయాండీ?”

“ఇల్లు అమ్మేశాం కదా. పాత కాగితాలవాడికి వేసుంటారు.”

ఈ తోటలోనే 1917 మే నెలలో మార్గరెట్, డొరొతీ జినరాజదాస, బిసెంట్ కలిసి విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పెట్టారు. ఆ ఏడాది డిసెంబరులో సరోజినీ నాయుడు ముందు నడిచి మద్రాసులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి ఆడవాళ్లకు ఓటడిగారు. 1921లో మద్రాసు శాసనమండలి ఒప్పుకుంది. ‘స్త్రీధర్మ’ పత్రిక నడిచింది. ఆ సంఘం అండతోనే ముత్తులక్ష్మీ రెడ్డి మండలికి వెళ్లింది. ఆమె ఆడపిల్లల కోసం పెట్టిన అవ్వై హోం ఇప్పటికీ ఇదే బిసెంట్ అవెన్యూలో ఉంది. ఇదంతా అద్దాలు పగలగొట్టిన చేతుల పుణ్యమే. ఒప్పుకుందాం.

దీనికి రెండో వైపు కూడా ఉంది. లెడ్‌బీటర్ జన్మలు అచ్చయిన 1910లోనే, ఇదే మద్రాసులో, దేవదాసీ గాయని బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ తిరిగి అచ్చువేయించింది. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరులో ఒక గణిక రాసిన తెలుగు కావ్యం, రాధ కోరికను రాధ గొంతుతో చెప్పిన కావ్యం. వీరేశలింగం పంతులు అప్పటికే దాన్ని సిగ్గుమాలిన రాతగా తీసిపారేశాడు. 1911లో దొరలు అశ్లీలమని నిషేధించారు. ఆ నిషేధం పోవడానికి టంగుటూరి ప్రకాశం పూనుకోవాల్సి వచ్చింది. ఆ కావ్యం అచ్చయిన చోటు అడయారుకు కొన్ని మైళ్ల దూరం. ఆత్మకు లింగం లేదని రుజువు చేస్తున్న తోటకూ, ఆడ ఒంటికి కోరిక ఉందని అచ్చువేసిన వీధికీ మధ్య రాకపోకలు ఉన్న జాడ నాకు దొరకలేదు. ఎదురుపడినప్పుడు ఎదురెదురుగానే నిలబడ్డాయి. దేవదాసీ వ్యవస్థ రద్దు చేయాలని ముత్తులక్ష్మి పట్టుబట్టింది. ఆమె తల్లిది దేవదాసీ కులమే. రద్దు వద్దని అర్జీలు పెట్టిన వాళ్లలో నాగరత్నమ్మ ఉంది. 1947లో చట్టమొచ్చింది. ఇద్దరిలో ఒకరిని పూర్తిగా తప్పనడానికి నాకు నోరు రాదు.

సాయంత్రం తిరువాన్మియూరు వెళ్లి కళాక్షేత్ర చుట్టూ నడిచాను. 1928లో బిసెంట్ జగన్మాత ఉద్యమానికి ముందు నిలబెట్టిన రుక్మిణీదేవి అరుండేల్, ఆ పాత్ర తనకు సరిపడక కావచ్చు, నాట్యంవైపు వచ్చింది. 1936లో అడయారు తోటలోనే ఈ సంస్థ పుట్టింది. దేవదాసీల సాదిరు నాట్యం భరతనాట్యమైంది, శృంగారం పాలు తగ్గి భక్తి పాలు పెరిగింది. నర్తకి బాలసరస్వతి ఈ దారిని ఒప్పుకోలేదు. ఆమె మన క్షేత్రయ్య పదాలకు వేదిక మీద చివరిదాకా చోటిచ్చింది. అడయారు ఆడవాళ్లకు ఓటు తెచ్చింది, సభలో కుర్చీ వేసింది, వద్దనే ధైర్యమిచ్చింది. కోరిక మాటెత్తితే మాత్రం తలుపు వేసుకుంది. అందులో మన నాట్యమూ మన పద్యమూ నలిగాయి.

ఇంగ్లండు లాడ్జిల చరిత్ర రాయడానికి డిక్సన్‌కు కాగితాలు మిగిలాయి కాబట్టి ఆ పుస్తకం వచ్చింది. కాకినాడ, మదనపల్లె, గుంటూరు ఆడవాళ్లు ఇదే నమ్మకంతో ఏం మాట్లాడుకున్నారో, దేనికి ఒప్పుకున్నారో, దేన్ని కాదన్నారో రాయాలంటే మన కాగితాలు మిగలాలి. మీ ఇంటి అటక మీద లాడ్జి మినిట్స్ పుస్తకాలు, ‘హిందూసుందరి’, ‘గృహలక్ష్మి’ పాత సంచికలు, అమ్మమ్మల ఉత్తరాలు ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. వేటపాలెం సారస్వత నికేతనానికో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికో, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రానికో ఫోన్ చేసి అప్పగించండి. పురుగు పట్టినవైనా సరే.